పసిరిక మెచ్చిన ఇల్లు

పెళ్ళిచూపుల్లో అబ్బాయికి అమ్మాయి నచ్చాలి, అమ్మాయికి అబ్బాయి నచ్చాలి. అద్దెకి దిగేవాళ్ళకి ఇల్లు నచ్చాలి. ఇవన్నీ లోకంలో ఉన్నవే. ఒక పాముకి మా ఇల్లు నచ్చాలని, నచ్చకపోతే మా ఆయన ప్రాణానికే ముప్పని విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఏడిచాననుకోండి, అది వేరే సంగతి.

మా ఆయన పేరు ఆదివిష్ణు. రాజమండ్రిలో అద్దాల పని. మిఠాయి కొట్లలో కాజాలూ పూతరేకులూ సర్దిపెట్టే అద్దాల కౌంటర్లుంటాయి చూశారూ, మా వైపు వాటిలో సగానికి సగం ఆయన చేతి మీదుగా వచ్చినవే. కింద వర్క్‌షాపు, పైన మా కాపురం. అద్దం బిగించాక పక్కకి తప్పుకుని, "ఏదీ, అద్దం ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అనడం ఆయనకి అలవాటు. ఎవరైనా కాజా చూపించబోయి వేలు అద్దానికి పొడుచుకున్నారంటే ఆ రోజు మా ఇంట్లో పండగే. అద్దమన్నాక అది ఉన్నట్టే తెలియకూడదు, లోపలున్న వస్తువే కనపడాలి. అదీ ఆయన సిద్ధాంతం.

అలాంటి మనిషికి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. మొదట చిటికెన వేలు, తరవాత ఉంగరం వేలు. గాజు కోసే కలం చేతిలో నిలిచేది కాదు. చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. అన్నం కలిపి ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టేదాన్ని. ఆ జబ్బుకి డాక్టర్లు పెట్టిన పేరు పలకాలంటే నాలుక తిరగదు, జనం బిగుసుజబ్బు అంటారు. వేళ్ళనుంచి మోచేతికి, మోచేతినుంచి భుజానికి, అక్కణ్ణించి రొమ్ములోకి దిగుతుంది. రొమ్ములోకి దిగాక ఊపిరి తీసే కండ కూడా బిగుస్తుంది. ఆ పైన ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

దానికి మందు మాత్రల్లో లేదు, సూదుల్లో లేదు. పాములో ఉంది.

సముద్రం కనిపించే కొండవాలు మీద ఉంది ఆ ప్రయోగశాల. డాక్టర్ తారకేశ్వరి అని, మనిషి సన్నగా, మాట నిదానంగా ఉంటుంది, ఆవిడే ఈ పద్ధతి కనిపెట్టింది. ఒక పొడుగాటి వలపెట్టె ముందు మమ్మల్ని నిలబెట్టి, "చూడండి" అంది. చూశాం. ఆకులూ కొమ్మలూ తీగలూ తప్ప ఏమీ లేవు.

"ఎక్కడండీ?" అన్నాను.

నేను తీగ అనుకుంటున్నది మెల్లిగా తల తిప్పి నన్ను చూసింది. అమ్మబాబోయ్! రెండడుగులు వెనక్కి వేసి మా ఆయన కాలు తొక్కేశాను.

పసిరిక పాము. లేత అరిటాకు రంగు, చూపుడువేలంత లావు, మొనదేలిన మూతి. చెట్టు దిగని జాతి. కళ్ళు మాత్రం మన వంక మనిషి చూసినట్టే చూస్తాయి.

"ఇవి గుడ్లు పెట్టవండి, పిల్లల్నే కంటాయి" అంది డాక్టరమ్మ. "ఇది తల్లి కడుపులో ఉండగానే ఆదివిష్ణుగారు కిందటేడు ఇచ్చిన రక్తంలోంచి తీసిన గుణం ఒకటి దీనిలో కలిపాం. ఈయన నరాల చుట్టూ పేరుకుంటున్న బిగువుని కరిగించే తడి దీని గవద కింద, అంటే దవడ అడుగున, ఊరుతుంది. ఇంకెవరికీ పనికిరాదు, ఈయనకే."

"అంటే, కరిపించుకోవాలా అండి?" అన్నాడు ఆయన బెరుగ్గా.

డాక్టరమ్మ నవ్వింది. "అక్కర్లేదండి. మామూలు పసిరికకి లేని అలవాటు ఒకటి దీనికి పెట్టాం. నచ్చిన కొమ్మ దొరికితే ఇది నా చోటు అన్నట్టు గవద దానికి రాస్తుంది. ఆ కొమ్మకి పుండ్లకి కట్టే గాజుగుడ్డ పట్టీ చుట్టి ఉంచితే సరి. తడిసిన పట్టీ తీసి మణికట్టుకి కట్టుకోవడమే."

"అయితే ఆ పట్టీలేవో ఇక్కణ్ణించే పంపించెయ్యొచ్చు కదండీ, పామెందుకు మాకు?" అన్నాను నేను. నాకు పామంటే భయం, దాపరికం ఏముంది.

"పెనం మీంచి తీసిన అట్టు చల్లారేలోపు దాని బలం పోతుందమ్మా. పాము మీ ఇంట్లోనే ఉండాలి. ఇంకో మాట. భయంగా ఉన్న పాము గవద రాయదు, ఒక్క చుక్క రాదు. అది తన ఇల్లే అనుకున్న రోజునే మందు. అందుకని దానికి గూడు ఎలాంటిది ఎంచుకుంటారన్నదే అసలు వైద్యం. చెట్టు మీద బతికేది కాబట్టి వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. అడ్డంగా కొమ్మలుండాలి, దాక్కోడానికి గుబురుండాలి. గాలి ఆడాలి, అయినా తేమ ఆరిపోకూడదు. ఇదుగో, ఈ వలపెట్టెల్లాంటివి..."

ఆదివిష్ణు నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

"ఊరుకోండి డాక్టరమ్మగారూ, నాకు ప్రాణం పోసేదాన్ని కోళ్ళగంపలో పెడతానా అండి? నేను అద్దాల పనోణ్ణండి. చూద్దురుగాని, మహారాణికి తగ్గ ఇల్లు కడతాను దానికి."

"అద్దమైతే మూడువైపులా మూసెయ్యాలండి. దానికి మరుగు కావాలి" అందావిడ. నేను విన్నాను. ఈయన అప్పటికే మనసులో కొలతలు వేసుకుంటున్నాడు.

బయల్దేరేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఉన్న సంగతి చెప్పింది. ఇంకో పాముని ఇలా తయారుచేయాలంటే ఏడాది పైన పడుతుందట. ఆయన రొమ్ముకి అంత వ్యవధి లేదట. "ఉన్నది ఇదొక్కటేనమ్మా, జాగ్రత్త" అంటూ నా చెయ్యి పట్టుకుంది. బస్సులో దారి పొడుగునా నేను కిటికీ వైపు మొహం తిప్పుకునే కూర్చున్నాను. ఆయన మాత్రం హాలులో ఏ మూల పెడితే వెలుతురు బాగా పడుతుందో చెబుతూనే ఉన్నాడు.

కట్టాడు. నిజం చెప్పొద్దూ, అంత అందమైన పని ఆయన జన్మలో చేయలేదు. కోసే కలాన్ని గుడ్డపీలికతో అరచేతికి కట్టించుకుని, భుజంతో నెడుతూ కోశాడు. నా తల మించిన ఎత్తు, నాలుగువైపులా అద్దం, మూలల్లో అతుకు ఎక్కడుందో కనిపెట్టలేరు. పైన తెల్లటి దీపాలు, అచ్చం మిఠాయి కొట్లో లాగే. లోపల ఒక జామకొమ్మ, రెండు తీగలు. అంతకన్నా ఆకు పెడితే పాము కనపడదట!

"డాక్టరమ్మ మూడువైపులా మూయమంది కదండీ" అన్నాను.

"పరదా కట్టిన షోకేసు ఎక్కడైనా చూశావే? నోర్మూసుకో."

"నా నోరు మూస్తే మూశారు, ఆ అద్దం కూడా మూయండి."

వింటేగా! మొండిఘటం. హాలు నడిమధ్య పెట్టించాడు. పాము వచ్చింది. దాని వెనకాలే ఊరూ వచ్చింది.

అందరికన్నా ముందు మా ఆడపడుచు బుల్లెమ్మ వదినగారు దిగింది. తమ్ముడంటే ఆవిడకి పంచప్రాణాలు. వీధిలో ఎవరు కనపడినా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. "రండి రండి, మా తమ్ముడి పాముని చూద్దురుగాని. పసిరిక కళ్ళు పొడుస్తుందంటారు గానీ ఒట్టిదే, ఇది బంగారు తల్లి" అని అద్దం మీద వేలితో టకటక కొట్టి చూపించేది. అక్కడికీ నేను "వదినగారూ, కొట్టకండి" అంటే, "ప్రేమగా పిలుస్తున్నానమ్మా, కర్రుచ్చుకుని కొడుతున్నానా ఏంటి" అని మూతి ముడుచుకునేది. వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టలేక నా పని అయిపోయేది. పాము బాగుందన్నవాళ్ళు కొందరు, అద్దం బాగుందన్నవాళ్ళు ఎక్కువమంది. ఆ మాట వినేసరికి ఆదివిష్ణు మొహం వెలిగిపోయేది.

పట్టీలు మాత్రం పొడిగా వచ్చేవి. చుట్టింది చుట్టినట్టే.

పాము మొదట్లో కొమ్మ మీద బిర్రబిగుసుకుని ఉండిపోయింది. ప్రయోగశాల వాళ్ళు పంపిన తిండి, బల్లి వాసన పట్టించిన చిన్న చిన్న ముద్దలు, పొడుగాటి పటకారుతో అందిస్తే తల తిప్పేసుకునేది. తరవాత కొత్త వరస మొదలైంది. హాలు కిటికీలోంచి ఎదురింటి వేపచెట్టు కనపడుతుంది. పాము దాని వైపు ఒళ్ళు సాచి, గాల్లో నిలిచి, అలా సాగుతూ వచ్చి అద్దానికి మూతి కొట్టుకునేది. వెనక్కి తగ్గి కాసేపు ఆగేది. మళ్ళీ వచ్చేది.

ఒక ఉదయం నేను కాఫీ తెచ్చేసరికి ఆదివిష్ణు పెట్టె ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. పాము మూతి మీద పొలుసు లేచిపోయి ఎర్రగా పచ్చిపుండు కనపడుతోంది. అద్దానికి లోపల చిన్న నెత్తుటి చారిక.

"సుభద్రా" అన్నాడు. "దానికి అద్దం ఉన్నట్టు తెలియడం లేదే."

ఇన్నేళ్ళూ ఏ మెప్పు కోసం ఒళ్ళు హూనం చేసుకున్నాడో ఆ మెప్పే అది. నాకు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. పక్కన కూర్చుని కాఫీ నేనే తాగించాను, ఎందుకంటే అప్పటికి ఆయన కుడి మోచెయ్యి కూడా వంగడం మానేసింది.

డాక్టరమ్మ కబురందగానే వచ్చింది. కోప్పడలేదు. దీపాలు ఆర్పించింది, తన పైటచెంగే అడ్డం పెట్టబోయి, తరవాత మా దుప్పట్లన్నీ అడిగి అద్దాల చుట్టూ కట్టించింది. పాము మూతికి మందు రాసింది.

"దానికి చూపు చాలా బాగా ఆనుతుందండి. దారి కనపడుతోంది, వెళ్ళబోతే ఏదో కొడుతోంది. ఎటు తిరిగినా కళ్ళున్న పెద్ద జంతువులు, దాక్కోడానికి ఆకు లేదు" అంది.

"మేం ప్రేమగానే చూస్తున్నాం కదండీ డాక్టరుగారూ!" అంది బుల్లెమ్మ వదినగారు, ఏడుపు గొంతుతో.

"ప్రేమగానే అండి. ఆ సంగతి మనకి తెలుసు, దానికి తెలియదు కదా."

ఆ రోజు నుంచి వదినగారు హాల్లోకి వస్తే నేల చూపులు చూస్తూ వచ్చేది, పాపం.

ప్రయోగశాలనుంచి వలపెట్టె తెప్పించి పాముని అందులోకి మార్చాం. మూతి పుండు మానింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ అది సముద్రపు గాలి తగిలే విశాఖ కొండ కాదు కదా, రోహిణి కార్తెలో రాజమండ్రి. వడగాలి ఆ వలలోంచి ఇటు దూరి అటు పోతోంది. నీళ్ళు చల్లిన చేతిని నేను ఇంకా తుడుచుకోకముందే ఆకులు ఆరిపోయేవి. వంటింట్లో మిరపకాయల పోపు మానేశాను, ఫ్యాన్లు మానేశాం, తడిగుడ్డలు కట్టాం. పాము కుబుసం విడిచే వేళ వచ్చింది. మామూలుగా తొడుగు తీసినట్టు ఒక్కటిగా రావలసింది, ముక్కలు ముక్కలుగా ఊడి తోక దగ్గర బిగదీసుకుపోయింది. పట్టీలు పొడిగానే ఉన్నాయి. ఆదివిష్ణు ఎడమచెయ్యి కూడా మోచేతిదాకా బిగుసుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. తోకని గోరువెచ్చటి నీళ్ళలో తడిపి ఆ పొర ఓపిగ్గా తీసింది. చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మా ప్రయోగశాల బండి ఈసారి వచ్చినప్పుడు దీన్ని తీసుకెళ్ళిపోతానమ్మా. ఇలాగే ఉంటే బతకదు."

"తీసుకెళ్తే? ఈయన సంగతో?"

ఆవిడ తడిచేతులు పైటతో తుడుచుకుంది.

"దాన్ని పుట్టించింది ఈయన కోసమే కదండీ! మీరే కదా చెప్పారు, ఇంకెవరికీ పనికిరాదని. అక్కడికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు?" నా గొంతు నాదేనా అనిపించేంత పైకి లేచింది.

"పుట్టించింది మేమే కాబట్టి అది చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోలేనమ్మా" అంది. ఆవిడ కళ్ళూ తడిగా ఉన్నాయి. "ఇద్దర్నీ పోగొట్టుకోమంటారా?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ మీద కోపం లేదు. ఎవరి మీద ఉందో తెలియదు. గోడకి తల ఆనించుకుని కసితీరా ఏడిచాను. నాకు పాము వద్దు, అద్దం వద్దు, పొద్దున్నే ఈయన తన గుండీలు తాను పెట్టుకుని "నా చెప్పులేవే" అని అరిస్తే చాలు అనిపించింది.

డాక్టరమ్మ వెళ్ళాక ఆదివిష్ణు వర్క్‌షాపులోకి దిగి, మేం కిందకి దించి ఎండలో నిలబెట్టి ఉంచిన ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. పైకి వచ్చి, "అద్దాన్ని మసక చేసేద్దామే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. స్నానాలగదుల కిటికీలకి వేసే మసక అద్దమంటే ఆయనకి ఒళ్ళు మంట. ఎవరైనా ఆర్డరిస్తే "గుడ్డి అద్దాలు మేం చెయ్యమండి" అని మొహం మీదే చెప్పి పంపించేవాడు.

"అద్దం తేమని పోనివ్వదు. వల గాలిని ఆపదు. రెండూ కావాలి. వెలుగు రావాలి, చూపు దూరకూడదు. అక్కడ ఒక గోడ ఉందని దానికి తెలియాలి" అన్నాడు. "మూడువైపులా మసక అద్దం, వెనక వల. పైన సగం వల, సగం అద్దం. అడుగున తడిపిన కొబ్బరిపీచు. నిండా కొమ్మలు."

"బాగానే ఉంది. చేసేదెవరు? కలం పట్టుకోడానికే వేళ్ళు లేవు మీకు."

"దీనికి వేళ్ళు అక్కర్లేదే పిచ్చిదానా. అరచెయ్యి చాలు."

పెట్టె విప్పి అద్దాలు కింద పరిచాం. అద్దం మీద గరుకుపొడి చల్లి, నీళ్ళు పోసి, చదునుగా ఉన్న రాయి పెట్టి రుద్దాలి. వేళ్ళు వంగని ఆ చెయ్యి రాయి మీద బల్లపరుపుగా ఆనింది. ఒంటి బరువంతా దాని మీద వేసి గుండ్రంగా తిప్పడం మొదలెట్టాడు. గరగరమని పళ్ళు జివ్వుమనే చప్పుడు. అంతసేపూ తళతళలాడిన అద్దం మీద పాలమీగడలాంటి మచ్చ పడింది. ఆయన ఆగి దాన్ని చూశాడు. కన్నకూతురి జుట్టు కత్తిరించినవాడిలా ఉంది మొహం. మళ్ళీ రాయి తిప్పాడు.

నేను నీళ్ళు పోస్తున్నాను. కాసేపటికి మెట్ల మీద బుల్లెమ్మ వదినగారు కనిపించింది. ఏం చేస్తున్నామో అడిగింది. చెప్పాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండో అద్దం ముందు కూలబడింది.

"ఆ రాయి ఇలా ఇయ్యరా విష్ణూ."

"నీవల్ల కాదులే అక్కా, భుజాలు పట్టేస్తాయి."

"నోర్ముయ్యి. ఊరందరికీ చూపించింది నేనే కదా, ఇది కూడా నేనే చేస్తాను." రుద్దుతూ రుద్దుతూ ముక్కు చీదింది. "మీ బావ ఏనాడూ నా చేత ఇంత పని చేయించలేదు, పాము చేయిస్తోంది చూడు."

ఆదివిష్ణు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ముగ్గురం రుద్దాం.

పట్టీ చుట్టే కొమ్మకి ఆయన ఒక ఉపాయం చేశాడు. మిఠాయి కౌంటర్లో ట్రే వెనకనుంచి లాగుతారు కదా, కొనేవాడికి చెయ్యి కనపడదు. అలాగే ఒక కర్రని వెనక వలకి పెట్టిన కన్నంలోంచి లోపలికి దోపాం. తలుపు తీయకుండా, లోపలికి చూడకుండా, కర్ర కొస పట్టుకుని మెల్లిగా బయటికి లాగితే పట్టీ వచ్చేస్తుంది. కన్నానికి చిన్న మూత. ఈసారి హాల్లో పెట్టలేదు. ఎవరూ ఎక్కువగా వెళ్ళని వెనకగదిలో, తూర్పు కిటికీ పక్కన, మా తలల కన్నా ఎత్తుగా బల్ల వేసి పెట్టాం. చెట్టు మీద ఉండేదానికి మనుషులు కిందనే కనపడాలి కదా. మామిడికొమ్మలు, నందివర్ధనం కొమ్మలు, కరివేపాకు రెమ్మలు ఎడాపెడా దూర్చాం. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగితే పైన ఒక మూల చిన్న వెచ్చటి దీపం పెట్టమంది. "బండి మాత్రం వస్తుందమ్మా" అని కూడా అంది.

పాముని అందులో వదిలి తలుపు వేశాం. ఒక పచ్చటి కదలిక ఆకుల్లోకి వెళ్ళింది. అంతే, ఇంక ఏమీ లేదు.

చూడకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నాకే ఇలా ఉంటే, పుట్టి బుద్ధెరిగాక జనానికి వస్తువులు చూపించడమే పనిగా బతికిన మనిషికి ఎలా ఉంటుంది? గది గుమ్మందాకా వెళ్ళేవాడు, వెనక్కి వచ్చేవాడు. "ఉందంటావా?" అనేవాడు. "ఉండక ఎక్కడికి పోతుంది" అనేదాన్ని. "బతికే ఉందంటావా?" అనేవాడు. నేను చెంబు తీసుకుని లేచేదాన్ని. నీళ్ళు వలపై నుంచి జల్లేదాన్ని. తిండి ముద్దలు చిన్న తలుపు సందులోంచి కొమ్మ మీద పెట్టి తలుపు మూసేదాన్ని. అవి మాయమయ్యేవి. పాము తింటోందో, చీమలు లాగేస్తున్నాయో ఎవరికి తెలుసు? కర్ర లాగితే పట్టీ పొడిగా వచ్చేది. మళ్ళీ దోపేదాన్ని.

ఆయన రొమ్ము పట్టేసినట్టు ఉందని మొదటిసారి అన్న పొద్దునే డాక్టరమ్మ బండి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది.

ఆవిడ సంచీ తీసుకుని వెనకగదిలోకి వచ్చింది. పెట్టె చుట్టూ తిరిగి, మసక అద్దాన్ని అరచేత్తో తడిమి చూసింది.

"పామెలా ఉంది?"

"తెలియదండి. చూళ్ళేదు" అన్నాడు ఆదివిష్ణు.

"ఒక్కసారైనా?"

"లేదండి."

ఆవిడ మా ముగ్గురి మొహాలూ చూసింది. తలుపు గడియ మీద చెయ్యి వేసి, ఏమనుకుందో, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. వెనకవైపు వెళ్ళి మూత తప్పించి కర్ర కొస పట్టుకుంది. మెల్లిగా, అంగుళం అంగుళం లాగింది. తనకి కూడా ఇదొక్కటే కదా ఉంది.

పట్టీ బయటికి వచ్చింది. నడిమధ్యలో బొటనవేలంత మేర, లేతపచ్చగా, తడి.

ముందు తేరుకున్నది బుల్లెమ్మ వదినగారే. "అలా చూస్తారేంటి, ఆరిపోదూ! కట్టండి, కట్టండి!" అని గావుకేక పెట్టబోయి, పాము గుర్తొచ్చి రెండు చేతుల్తో నోరు నొక్కుకుంది. డాక్టరమ్మ గబగబా పట్టీ విప్పి ఆయన మణికట్టుకి చుట్టింది. ముడి నేను వేశాను. ఆయన నా నెత్తి మీద గెడ్డం ఆనించి అలాగే నిలబడ్డాడు. బండి ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

ఒక్క పట్టీతో లేచి గంతులేశాడని చెబితే అబద్ధం. కొన్నాళ్ళు పట్టీ తడిగా వచ్చేది, కొన్నాళ్ళు పొడిగా. కింద వర్క్‌షాపులో అంచులు నునుపు చేసే మిషను తిప్పి ఇల్లు అదిరిన రోజు తడి రాదని కనిపెట్టి మిషను వేరే చోటికి మార్చుకున్నాం. చుట్టాలు వస్తే హాల్లోనే మర్యాదలు. చూపించలేదని అలిగినవాళ్ళు అలిగారు. రొమ్ములో బరువు మొదట తగ్గింది. వానలు పడేసరికి మోచేతులు వంగాయి. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి చొక్కా గుండీలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు, ఒకటి తప్పు కాజాలో పెట్టాడు. నేను సరిచేయలేదు. ఆ చొక్కా అలాగే వేసుకుని బజారుకి వెళ్ళొచ్చాడు.

మొన్న కొవ్వూరు నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. హైమ అని, చిన్నపిల్లే. చాక్‌పీసు చేతిలోంచి జారిపోతుంటే బడి మానేసిందట. డాక్టరమ్మ పంపించింది. ఆ పిల్ల రక్తపు గుణం కలిపిన పాము సిద్ధమవుతోంది, గూడు ఎలాంటిది కట్టాలో మమ్మల్ని అడగమందట. ఆదివిష్ణు ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ఎత్తు సంగతి, గాలి సంగతి, తేమ సంగతి. అన్నిటికీ తల ఊపింది గానీ ఆ పిల్ల చూపు వెనకగది గుమ్మం మీదే ఉంది.

"బాబాయిగారూ, ఒక్కసారి మీ పాముని చూపించరూ? కళ్ళారా చూస్తే నాకు నమ్మకం కుదురుతుందండి."

"చూపించనమ్మా. ఏమీ అనుకోకు."

పిల్ల మొహం చిన్నబోయింది. అంత దూరం నుంచి వచ్చింది, ఒక్క క్షణం చూపిస్తే ఏం పోయిందని నాకే నోటిదాకా వచ్చింది. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, ఆ పిల్ల ఒళ్ళో చెక్కముక్కలా పడి ఉన్న కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. దాని చుట్టూ తన వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు, చిటికెన వేలు కూడా. గట్టిగా పట్టుకున్నాడు.

"తెలుస్తోందా అమ్మా?"

"తెలుస్తోందండి." ఆ పిల్ల కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"అదేనమ్మా పాము" అన్నాడు. "ఇప్పుడు చెప్పు, మీ ఇంట్లో ఎవరూ ఎక్కువ తిరగని గది ఏది?"